నీళ్ళు బాగాలేవని చెప్పే గది

నేను రిటైరై తెనాలి వచ్చేశాక బజార్లో కనపడిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు. "ఏమ్మా నజీమా, ఎడారిలో నీళ్ళ సెంటరు కట్టింది నువ్వేనటగా? చుక్క నీళ్ళు లేనిచోట నీళ్ళ సెంటరేంటమ్మా?" అని. కట్టింది మేస్త్రీలు. గీసింది మా ఆఫీసు. అందులో మామూలు జనం తిరిగే భాగం గీసింది నేను. అంతవరకూ నిజం.

ఆర్కిటెక్టు కావాలని బయల్దేరిన పిల్లలు కూడా అప్పుడప్పుడూ ఇంటికి వస్తారు. ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలి, ఏ ఊళ్ళో చేరితే మంచిది అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను ఆస్పత్రులు గీశాను, కాలేజీలు గీశాను, ఒక బస్టాండు కూడా గీశాను. అవన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క చిన్న గది గురించి మాత్రం చెప్పాలి.

సగం గ్లాసు

మా చీఫ్ ఆర్కిటెక్టు పేరు రాఘవరావు గారు. హైదరాబాదులో ఆఫీసు. గొప్ప గీతగాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన్ని తిట్టబోతున్నాను.

ఉత్తరాదిన ఆ ఎడారి నగరం వాళ్ళు అడిగింది ఒకే కప్పు కింద మూడు పనులు. భూగర్భ జలాల మీద పరిశోధన చేసేవాళ్ళకు ల్యాబు. బడిపిల్లలు చూడ్డానికి ప్రదర్శనశాల. మూడోది, ఊళ్ళో ఎవరైనా సరే ఇంటినుంచి సీసాలో నీళ్ళు తెచ్చిస్తే ఉచితంగా పరీక్ష చేసి తాగొచ్చో లేదో చెప్పే కౌంటరు. మొదటి రెండూ పెద్ద పనులు కాబట్టి పెద్దవాళ్ళు తీసుకున్నారు. కౌంటరు నా నెత్తిన పడింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా బొమ్మలో వాకిట్లోనే ఒక ఫౌంటెను ఉంది. అక్కడి ఇంజనీరమ్మ దాన్ని చూసి, "ఈ నీళ్ళు ఎవరు తాగడానికి?" అని అడిగింది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం కాబట్టి వాళ్ళ హిందీతో నాకు ఇబ్బంది లేదు. తాగడానికి కాదండి, చూడ్డానికి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పెళ్ళివారింట్లో బియ్యం కాలవలో పోసినవాణ్ణి చూసినట్టు చూసింది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి పిలిచింది. వాళ్ళమ్మ గ్లాసులో సగం నీళ్ళు పోసి ఇచ్చింది. నేను నిజంగా నివ్వెరపోయాను. తెనాలిలో అతిథికి సగం గ్లాసు ఇస్తే ముఖం మీద తలుపేసినట్టే లెక్క. పైగా నేను మన మర్యాద ప్రకారం అందులోనూ కొంచెం మిగిల్చాను. ఆ పెద్దావిడ మిగిలిన ఆ రెండు గుక్కలూ తీసుకెళ్ళి తులసి మొక్కకు పోసింది. కాలవల మధ్య పుట్టినవాళ్ళకు నీళ్ళ గురించి ఏమీ తెలియదని నాకు ఆ రోజే తెలిసింది. మర్నాడు ఫౌంటెను కొట్టేశాం. రాఘవరావు గారు ఒక పూట అలిగారు.

షామియానా

కౌంటరు అంటే ఏముంది, ఒక బల్ల, ఒక కిటికీ అనుకునేరు. జనం సీసాలు పట్టుకుని ఎక్కడ నిలబడతారు? ఫలితం వచ్చేదాకా ఎక్కడ కూర్చుంటారు? విన్నాక ఎవరిని ఏం అడుగుతారు, ఎటు నడుస్తారు? ఇవి చూడకుండా గీస్తే అది బ్యాంకు కౌంటరు అవుతుంది. అందుకని, గీయకముందు ఒకసారి నిజంగా చేసి చూద్దామన్నాను.

"ఎడారి దాకా ఎందుకమ్మా? మీ సముద్రం పక్కన మాత్రం తాగేనీళ్ళకు కటకట లేదా? అక్కడే చెయ్యి, అంతా వీడియో తీసుకురా," అన్నారు రాఘవరావు గారు.

మాట నిజమే. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తుంటే అంతా ఇసక నేల. ఒక ఇంట్లో బోరింగు కొడితే ఉప్పునీళ్ళు, పక్కింట్లో కొడితే తియ్యటి నీళ్ళు. అక్కడ జనానికి ఒక్కటే పరీక్ష: నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉందా లేదా. ఉప్పగా లేకపోతే అవి అమృతం కింద లెక్క.

పరీక్షలు చెయ్యడానికి బాపట్లనుంచి వెంకటప్పయ్య మాస్టార్ని బతిమాలి తెచ్చుకున్నాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. పరీక్ష మందులన్నీ స్టీలు టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని బస్సు దిగారు. హార్బరుకు దగ్గర్లో ఒక పల్లెలో షామియానా వేశాం. కుర్చీలు వరసగా వేసి మధ్యలో దారి వదిలాం. షామియానా వేశాక మైకు లేకపోతే మా వైపు జనం రారు. అందుకని రేపల్లెనుంచి మైకు కోటిని పిలిపించాం.

ఈ కోటి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెళ్ళిళ్ళలో చదివింపులు చదవడం ఆయన పని. వధూవరులకు ఎవరు ఏం పెట్టారో, ఇంటిపేరుతో సహా, ఊరంతా వినేటట్టు మైకులో చెప్పాలి. ఉంగరం పెడితే గొంతు ఒకలా, స్టీలు బిందె పెడితే ఒకలా. ఆ గొంతులో ఏ తేడా వచ్చినా జనం పట్టేస్తారు. మంచివాడు. ఎవర్నీ నొప్పించాలని కాదు, అందర్నీ మెప్పించాలనే ఆయన తాపత్రయం. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మాస్టారు ఆయనకు చెప్పింది ఇంతే. "పేరు చెప్పు, రంగు ఎట్టా వచ్చిందో చెప్పు. మంచిచెడ్డలు ఆఖర్న నేను చెప్తాలే."

గులాబీ రంగు

నీళ్ళల్లో నైట్రేటు ఉందేమో చూడ్డానికి గాజుగొట్టంలో పొడి వేస్తారు. ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురుతుంది. ఎరువులు, పేడకుప్పలు, పాయిఖానా గుంటలు, వీటిల్లోంచి భూమిలోకి దిగే విషం అది. రుచి ఉండదు, వాసన ఉండదు.

ఇదంతా మాస్టారికి తెలుసు, నాకు తెలుసు. జనానికి తెలియదు. కోటికి అసలే తెలియదు. ఆయనకు కనపడింది రంగు. అంత అందమైన రంగు వస్తే ఏం చేస్తాడు పాపం!

"నాగేశ్వరరావు గారి ఇంటి బోరింగు నీళ్ళు... లేత గులాబీ! పర్లేదు, పర్లేదు!" అన్నాడు. జనం నవ్వారు.

తర్వాత ఒక ముసలాయన నీళ్ళు. "ఇదేంటి బాబాయ్, రంగే రాలేదు! నీ నీళ్ళల్లో సారం లేదా?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. మాస్టారు గొట్టాలు కడుక్కుంటూ ఇవేమీ పట్టించుకోలేదు. ఆ రోజు పరీక్ష చేసిన వాటిల్లో అన్నిటికంటే మంచి నీళ్ళు ఆ ముసలాయనవి. ఆయన చిన్నబోయి, సీసా కండువాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కెమెరా స్టాండు పక్కన నిలబడి, జనం ఎక్కడ గుమిగూడుతున్నారో గీతలు గీసుకుంటున్నాను. ఏదో తేడా కొడుతోంది, మాస్టారికి చెబుదామని తల ఎత్తేసరికి ఆదిలక్ష్మి వంతు వచ్చింది.

ఆదిలక్ష్మి ఎండుచేపలు అమ్ముతుంది. భర్త బోటు మీద వెళ్తాడు. ఇంటి ముందు బోరింగు ఉంది, దానికి అడ్డం గేటు లేదు. మూడు వీధులవాళ్ళు బిందెలు పట్టుకుని అక్కడికే వస్తారు. ఆవిడ నీళ్ళతో పప్పు బాగా ఉడుకుతుందని పేరు. ఎప్పుడూ ఎవర్నీ కాదనలేదు. చింతపండుతో తళతళలాడేటట్టు తోమిన రాగిచెంబులో ఆ నీళ్ళు తెచ్చింది. గుడికి వచ్చినట్టే వచ్చింది.

గొట్టంలో పొడి పడింది. రంగు తిరిగింది. లేత గులాబీ, ముదురు గులాబీ, ఇంకా ముదిరి మందారం.

"అబ్బబ్బబ్బ! ఇదీ రంగంటే!" కోటి గొంతు ఆకాశానికి లేచింది. "ఆదిలక్ష్మమ్మ గారి బోరింగు నీళ్ళు... ఎర్రమందారం! కొట్టండమ్మా చప్పట్లు!"

చప్పట్లు మోగిపోయాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు వరసలో చంటిబిడ్డను చంకనేసుకుని ఉన్న ఒక అమ్మాయి పాలసీసా చూపిస్తూ, "అక్కా, రేపట్నించి మా వాడికి కూడా నీ నీళ్ళే!" అని అరిచింది.

ఆ మాట వినగానే మాస్టారు బల్ల దగ్గర్నుంచి లేచారు. ఆ వయసులో ఆ మనిషి అంత వేగంగా కదలగలడని నేను అనుకోలేదు. కోటి చేతిలోంచి మైకు లాక్కున్నారు.

"ఆగండమ్మా! ఆ నీళ్ళు పసిబిడ్డలకు పట్టొద్దు. రంగు ఎంత ముదిరితే అంత చెడ్డది. ఈ నీళ్ళతో కలిపిన పాలు పడితే బిడ్డ ఒళ్ళు నీలం తిరిగిపోద్ది, ఊపిరాడదు. కాచినా పోదు, కాచేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది."

షామియానా కింద మైకు గుయ్యిమంటోంది అంతే. అంతకంటే ఘోరం ఇంకేమీ జరగదనుకున్నాను.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. మరియమ్మ, ఆదిలక్ష్మి ఇంటికి ఎదురిల్లు.

"మాస్టారూ, మా బాబు నీలంగానే అయిపోయాడండి," అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "మూడో నెల్లో పోయాడండి. నాకు పాలు పడక డబ్బాపాలు పట్టామండి. అక్కే నీళ్ళు కాచి ఇచ్చేది."

అందరి తలలూ ఆదిలక్ష్మి వైపు తిరిగాయి.

మాస్టారు మైకులోనే జవాబు చెప్పారు. "అట్టా చెప్పలేమమ్మా. నీలం తిరగడానికి చాలా కారణాలుంటాయి. డాక్టరుగారు ఏమన్నారు?"

"గుండె అన్నారండి. ఇంకా ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు."

"అయితే అదే అయ్యుండొచ్చు. ఇదీ అయ్యుండొచ్చు. అప్పటి నీళ్ళు ఎట్టా ఉన్నాయో ఇప్పుడు తెలవదు కదా తల్లీ." ఆయన ప్రతి మాటా నిజమే చెప్పారు. ఒక్కరూ వినలేదు.

ఆదిలక్ష్మి అక్కడినుంచి వెళ్ళిపోవాలి. దారి ఒక్కటే, కుర్చీల మధ్య మేం వదిలింది. పెళ్ళిలో దంపతుల్ని పలకరించడానికి వెళ్ళే దారిలాంటిది. రాగిచెంబు రెండు చేతులతో పట్టుకుని, జనమంతా చూస్తుండగా, ఆ చివరిదాకా నడిచింది. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. నా జీవితంలో అంత దారుణమైన నడక చూడలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు, నాకూ ఆపాలని తోచలేదు.

కోటి షామియానా గుంజ పక్కన కూలబడి తల బాదుకుంటున్నాడు. "చప్పట్లు కొట్టించానే, చప్పట్లు కొట్టించానే," అంటున్నాడు.

ఆ సాయంత్రం తెనాలి వచ్చి, నమాజుకు ముందు చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పి, ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయాను. మా వదిన వచ్చి కుళాయి కట్టేసింది. "ఏమైంది నీకు?" అంది.

ఒక్క అబద్ధం

కొన్నాళ్ళు పోయాక మాస్టారూ నేనూ ఆదిలక్ష్మి ఇంటికి వెళ్ళాం. బోరింగు చెయ్యికి ఎవరో తాడు కట్టేశారు. వీధిలో అందరికీ ట్యాంకరు నీళ్ళే, వచ్చిన రోజు వచ్చినట్టు. మేం వెళ్ళేసరికి ఆవిడ తాడు విప్పుకుని, తనకోసం ఒక బిందె కొట్టుకుంటోంది.

"ఏంటక్కా, ఇవి నువ్వు తాగుతున్నావా?" అన్నాను. నాకు నిజంగా మతి పోయింది.

"ఊరందరికీ పోశాను కదమ్మా. నేను తాగొద్దా?" అంది.

మాస్టారు మంచం అంచున కూర్చుని, ఓపిగ్గా చెప్పారు. "తప్పు నీది కాదమ్మా. ఇది ఇసక నేల, ఏం పోసినా దిగిపోద్ది. ఈ వీధిలో ప్రతి ఇంటికీ పాయిఖానా గుంట ఉంది. అవతల పేడకుప్పలు, పొలాల్లో యూరియా. అందరిదీ కలిసి నీ బోరింగులోకి వచ్చింది."

వీధంతా కలిసి పాడుచేసిన నీళ్ళు, పేరు మాత్రం ఆవిడది. ఇంత అన్యాయం ఉంటుందా! కానీ ఆవిడ ఆ మాట పట్టించుకోనే లేదు. ఆవిడకు కావలసింది ఒక్కటే.

"మాస్టారూ, ఆ బాబు సంగతి చెప్పండి. నా నీళ్ళ వల్లేనా?"

"తెలవదమ్మా. చెప్పలేం."

"చెప్పలేం అంటే, నా వల్ల కాదని చెప్పగలరా?"

"అదీ చెప్పలేనమ్మా," అన్నారు.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళి మాకు సోడాలు తెప్పించింది. నీళ్ళు ఇవ్వలేదు. వీధిలో ఎవర్నీ కాదనని మనిషి, మాకు నీళ్ళివ్వడానికి భయపడింది.

బస్సు కోసం నడుస్తూ మాస్టారి మీద విరుచుకుపడ్డాను. "ఒక్క అబద్ధం చెప్తే ఏం పోయిందండీ మీకు? నీ వల్ల కాదమ్మా అంటే ఆ మనిషి అన్నం తింటుంది కదా!"

"నేను కాదంటే రేపు ఆ తాడు విప్పేస్తారు నజీమా," అన్నారు ఆయన. "మా మాస్టారే కాదన్నారు అంటారు. చంకలో బిడ్డను పెట్టుకుని పాలసీసా ఊపిందే, ఆ పిల్ల బిడ్డ తాగుద్ది." తర్వాత రేపల్లె వచ్చేదాకా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

రెండోసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక, నాకు తెలిసింది చెప్పాను. "అక్కా, దూరాన ఎడారిలో ఇట్టాంటిదే ఒకటి కడుతున్నాం. అక్కడ ఇట్టా జరగనివ్వను. మైకు ఉండదు. ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, ఒక్కరికే చెప్తారు. అడిగినన్ని సార్లు జవాబు చెప్తారు."

ఆవిడ చేపలు తిరగేస్తూ వింది. "తలుపేసి చెప్తారు, బానే ఉంది. ఆనక?" అంది.

"ఆనక ఏంటక్కా?"

"ఆ తలుపు తీసుకుని మళ్ళీ జనంలోకే రావాల కదా. మొహం చూస్తే తెలిసిపోదా? వెనకాల ఇంకో తలుపు పెట్టమ్మా. అట్నించి అటే పోయేటట్టు."

ఇన్నేళ్ళలో నేను ఎన్ని తలుపులు గీశానో! లోపలికి ఎలా రావాలన్నదే ఆలోచించాను. ఏడుస్తున్న మనిషి బయటికి ఎలా పోవాలని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆస్పత్రులు గీసిన చేత్తోనే!

గాజు గోడ

హైదరాబాదు వచ్చి చూద్దును కదా, రాఘవరావు గారు ల్యాబు బొమ్మ పూర్తి చేసేశారు. చుట్టూ గాజుగోడ. కౌంటరు పైన పెద్ద తెర. ఎవరి నీళ్ళ ఫలితం వస్తే అది అందరికీ కనపడేలా తెర మీద పరుగెడుతుంది. అంతా పారదర్శకం అన్నారు. చూడ్డానికి ఎంత బావుందో!

గది గురించి చెప్పాను, రెండో తలుపు గురించి చెప్పాను. ఆదిలక్ష్మి గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. అది అబద్ధం కాదు, నేను చూశాను. కళ్ళు తుడుచుకుని ఏమన్నారో తెలుసా?

"అద్భుతమమ్మా నజీమా! మన దగ్గర వీడియో ఉంది కదా? ఆవిడ నడిచి వెళ్ళింది ఉంది కదా? ప్రదర్శనశాలలో మొదటి గోడ అదే పెడదాం. ఆవిడ ఫొటో, కింద నాలుగు లైన్లు. చూసిన ప్రతివాళ్ళూ ఏడవాలి."

ఒకసారి ఒక ఊరి ముందు నడిచింది చాలదట. ఇప్పుడు ఎడారి నగరంలో రోజూ, బడిపిల్లల ముందు, సెలవు లేకుండా ఆవిడ నడుస్తూ ఉండాలి!

"సార్, మీ అమ్మగారి ఫొటో అట్టా పెడతారా?" అన్నాను. ఆ మాట బాసుతో అనకూడదు. అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "నువ్వు మరీ పర్సనల్‌గా తీసుకుంటున్నావు," అన్నారు.

పిల్లలూ, ఒక్కటి వినండి. మన వృత్తిలో చెడ్డవాళ్ళు తక్కువ. అందం కనపడితే ఆగలేనివాళ్ళు ఎక్కువ. కోటికి గులాబీ రంగు ఎలాగో, మా చీఫ్‌కి గాజుగోడ అలాగ. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి చేతుల్లోంచీ మైకు లాక్కోవాల్సిందే.

వీడియో కాపీలు నా దగ్గర ఉన్నవి, ఆఫీసులో ఉన్నవి, అన్నీ చెరిపేశాను. ఎవరినీ అడగలేదు. అడిగి చేసే పని కాదది.

ఎవరూ కొట్టెయ్యలేని తలుపు

తెర గురించి నేను ఎడారి నగరం ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. సగం గ్లాసు ఇచ్చిన ఇంటి మనిషే. అంతా విని, "మా దగ్గర బావి నీళ్ళు చెడ్డవని తెలిస్తే ఆ ఇంటికి పిల్లను కూడా ఇవ్వరు," అంది. తెర వద్దని ఆవిడే మా ఆఫీసుకు రాసింది. ల్యాబుకు గాజుగోడ ఉంది, ఉండనివ్వండి, సైంటిస్టుల్ని చూస్తే ఎవరికీ నష్టం లేదు.

గది మాత్రం ప్రతి మీటింగులోనూ ఎగిరిపోయేది. స్థలం వృథా అంటారు ఒకరు. మూసి ఉన్న గదిలో సిబ్బంది ఏం చేస్తారో ఎవరికి తెలుసు అంటారు ఇంకొకరు. రెండో తలుపు పెడితే కాపలా ఎవరు కాస్తారు అంటారు సెక్యూరిటీవాళ్ళు. ఫలితం మెసేజీ పంపిస్తే సరిపోదా అని ఒక కుర్రాడు అడిగాడు. నిజమే, సరిపోతుంది, నీళ్ళు బాగుంటే. బాగాలేవని మెసేజీ వస్తే ఆ మనిషి ఎవర్ని అడగాలి? ఫోన్నా?

చివరికి విసుగొచ్చి ఒక పని చేశాను. ప్లానులో ఆ గది మీద ప్రథమ చికిత్స గది అని రాశాను. వెనక తలుపు మీద ఫైర్ ఎగ్జిట్ అని రాశాను. ప్రథమ చికిత్స పెట్టె నిజంగానే పెట్టించాను, నిప్పు అంటుకుంటే ఆ తలుపులోంచి నిజంగానే పరుగెత్తొచ్చు. కొలతలన్నీ రూలు ప్రకారమే. అంతే, ఆ తర్వాత ఏ మీటింగులోనూ దాని ఊసు ఎత్తినవాళ్ళు లేరు. ఫైర్ ఎగ్జిట్ కొట్టేసే ధైర్యం ఏ బాసుకీ ఉండదు. మీకు నేనిచ్చే ఉచిత సలహా ఇది, జాగ్రత్తగా వాడుకోండి.

రాఘవరావు గారికి తెలియదనుకోను. అంతటి గీతగాడికి ప్లానులో తలుపు కనపడకుండా ఉంటుందా? చూసి ఊరుకుని ఉంటారు. ఆ మొదటి గోడ మీద కూడా తర్వాత బావుల మ్యాపు పెట్టించారు.

ఎవరం చూడలేదు

సెంటరు తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఉపన్యాసాలు, పూలదండలు అయ్యాక కౌంటరు తెరిచారు. సీసాలతో జనం బాగానే వచ్చారు. చాలామందికి కిటికీ దగ్గరే చెప్పి పంపించేశారు, వాళ్ళ నీళ్ళు బాగున్నాయి. ఒకావిడ మాత్రం సీసా ఓణీలో చుట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి గదిలోకి తీసుకెళ్ళారు. పరీక్ష చేసిన అమ్మాయి వెంట వెళ్ళి తలుపేసింది.

నేను బయట నిలబడ్డాను. నా నీళ్ళే పరీక్షకు ఇచ్చినట్టు తలుపుకేసి చూస్తున్నాను. ఎంతకీ రారు. చివరికి ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి తర్వాతి వాళ్ళను పిలిచింది. గదిలోకి తొంగి చూశాను. ఖాళీగా ఉంది. వెనక తలుపు వేసి ఉంది.

తెనాలి వచ్చాక మొదట నిజాంపట్నం బస్సే ఎక్కాను. ఆదిలక్ష్మి అరుగు మీద కూర్చుని ఉంది. బోరింగు చెయ్యి పీకించేసింది. ట్యాంకరు నీళ్ళే తాగుతోంది ఇప్పుడు, వాళ్ళాయన ఒట్టు పెట్టించుకున్నాడట. మరియమ్మా తనూ మాట్లాడుకుంటున్నారు, మునుపటిలా కాదు, ట్యాంకరు ఎప్పుడొస్తుంది, కరెంటు ఎప్పుడు పోయింది అన్నంతవరకే. ఆ బాబు సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఇద్దరూ ఎదురెదురిళ్ళలోనే ఉన్నారు.

ఫోన్లో తలుపు ఫొటో చూపించాను. మామూలు ఇనప తలుపు. అవతల సందు, ఒక గోడ, గోడ నీడ. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరైనా పోయారా దీంట్లోంచి?"

"పోయారక్కా. మొదటిరోజే ఒకావిడ పోయింది."

"ఏడుస్తూ పోయిందా?"

"తెలవదక్కా," అన్నాను. "ఎవరం చూళ్ళేదు."

ఆదిలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ షామియానా రోజునుంచి ఇప్పటిదాకా, వీధి ముందు గానీ, మా ముందు గానీ, ఆవిడ కన్నీటి చుక్క రాల్చగా ఎవరూ చూడలేదు. నేను లేచి, వీధివైపు తిరిగి, ఆవిడకు అడ్డంగా నిలబడ్డాను.